కారు టైటిల్ మీద లీన్‌హోల్డర్ ఎవరు: డీలరా, బ్యాంకా?

డాలస్ బాటసారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి రెండేళ్లయింది. ఏడు నెలల క్రితం టెక్సాస్‌లో ఒక డీలరు దగ్గర పాత కారు కొన్నాను. కొంత డబ్బు ముందుగా కట్టి, మిగిలిన మొత్తానికి డీలరు ముందు పెట్టిన రుణపత్రాల మీద సంతకాలు చేశాను. బీమా తీసుకునేటప్పుడు ఏజెంటు లీన్‌హోల్డర్, అంటే అప్పు కింద కారు మీద హక్కున్న సంస్థ, ఎవరని అడిగితే, కాగితాలన్నీ నడిపించింది డీలరే కదా అనుకుని ఆయన పేరు, చిరునామా రాయించాను. నెలవారీ వాయిదా మాత్రం ఒక బ్యాంకుకు వెళుతోంది. ఇంతవరకు ఒక్క వాయిదా కూడా ఆలస్యం కాలేదు.

గత వారం ఆ బ్యాంకు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నా కారుకు బీమా ఉన్నట్లు తమ వద్ద ఆధారం లేదనీ, గడువులోగా చూపించకపోతే తామే ఒక బీమా తీసుకుని ఆ ఖర్చును నా అప్పులో కలుపుతామనీ అందులో ఉంది. నేను ప్రతి నెలా బీమా కడుతూనే ఉన్నాను కనుక ఇది చదివి నిజంగా కంగారు పడ్డాను.

ఇంకొక సందేహం కూడా ఉంది. న్యూయార్క్‌లో ఉన్న నా స్నేహితుడికి అప్పు తీరకపోయినా కారు టైటిల్, అంటే యాజమాన్య పత్రం, ఇంటికే వచ్చింది. నాకు రిజిస్ట్రేషన్ కాగితం తప్ప టైటిల్ రాలేదు. డీలరు ఏదైనా పొరపాటు చేశాడా? అప్పు తీరేవరకు ఈ కారు చట్టప్రకారం నాదా, బ్యాంకుదా? కొన్ని నెలల్లో ఉద్యోగం మీద కాలిఫోర్నియాకు మారే అవకాశం ఉంది కాబట్టి, ఈలోగా దీన్ని సరిగా అర్థం చేసుకోవాలనుకుంటున్నాను.

పాత గుమాస్తా

నేను ఒక క్రెడిట్ యూనియన్‌లో, అంటే సభ్యుల సహకార బ్యాంకులో, వాహన రుణాల విభాగంలో చాలా కాలం పనిచేశాను. మీరు చేసిన పొరపాటు ఎంత మామూలుదంటే, మా దగ్గరకు వచ్చే బీమా పత్రాలలో డీలరు పేరు కనిపించని వారం ఉండేది కాదు. దానికి కారణం కూడా ఉంది. డీలరు దగ్గర అప్పు తీసుకున్నప్పుడు, మీరు సంతకం చేసిన వాయిదాల ఒప్పందంలో మొదటి రుణదాతగా నిజంగానే డీలరు పేరే ఉంటుంది. ఆయన ఆ ఒప్పందాన్ని ఆ రోజే, లేదా కొద్ది రోజులలో, ఒక బ్యాంకుకో ఫైనాన్స్ సంస్థకో అమ్మేస్తాడు. అలా బదిలీ చేసినట్లు ఒప్పందం చివరి భాగంలో ఒక చిన్న పేరా ఉంటుంది, కానీ సంతకాల హడావిడిలో దాన్ని చదివేవారు తక్కువ. మీ కాగితాలలో ఆ పేరా వెతకండి. టెక్సాస్‌లో టైటిల్ కోసం పెట్టే 130-యు దరఖాస్తులో మొదటి లీన్‌హోల్డర్ పేరు రాయడానికి ప్రత్యేకంగా చోటు ఉంటుంది, దాని నకలు మీ దగ్గర ఉంటే అందులోని పేరే మీకు కావలసిన జవాబు. ఈ రెండింటిలోనూ మీరు వాయిదా కడుతున్న బ్యాంకే కనిపిస్తుందని నేను దాదాపు కచ్చితంగా చెప్పగలను.

లీన్ అంటే ఏమిటో కూడా చెబుతాను, ఎందుకంటే మీ మిగిలిన ప్రశ్నలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. బంగారం మీద అప్పు తీసుకుంటే నగ బ్యాంకు బీరువాలోకి వెళ్లిపోతుంది. కారు విషయంలో అలా కుదరదు, వస్తువు మీ దగ్గర తిరుగుతూ ఉండాలి. అందుకని వస్తువుకు బదులు హక్కును పట్టుకుంటారు. మన దేశంలో ఆర్‌సీ మీద హైపోథికేషన్ అని బ్యాంకు పేరు ఎక్కించినట్లే, ఇక్కడ టైటిల్ మీద లీన్‌హోల్డర్ పేరు ఎక్కిస్తారు. అలా ఎక్కిన తరువాత ఆ హక్కు మీతో కాక కారుతో పాటు ప్రయాణిస్తుంది. మీరు కారును ఇంకొకరికి అమ్మినా, మీకు అప్పిచ్చిన మరొకరు దాని మీద కన్నేసినా, టైటిల్ మీద పేరున్న బ్యాంకు వారికంటే ముందు నిలబడుతుంది.

కారు మీదా, బ్యాంకుదా అన్న ప్రశ్నకు, యజమాని మీరే అన్నది నా జవాబు. బ్యాంకు మీ కారును వాడుకోవడానికి వీల్లేదు, మీరు వాయిదాలు కడుతున్నంత కాలం దాన్ని అమ్మడానికీ వీల్లేదు, దాని ధర పెరిగినా తరిగినా ఆ లాభనష్టాలలో పాలుపంచుకోదు. దానికి ఉన్నది బాకీ మేరకు హక్కు మాత్రమే. లీజు వేరు, అందులో యజమాని లీజు సంస్థే, మీరు వాడుకునేవారు మాత్రమే. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవారి సలహా వినకండి.

టైటిల్ రాకపోవడంలో డీలరు తప్పేమీ కనిపించడం లేదు. వాహనాల టైటిళ్లు రాష్ట్రాల పరిధిలోని విషయం, అందువల్ల పద్ధతులు వేరువేరుగా ఉంటాయి. టెక్సాస్‌లో అప్పు ఉన్న కారు టైటిల్ మొదటి లీన్‌హోల్డర్‌కు వెళుతుంది, లేదా కాగితమే లేకుండా ఎలక్ట్రానిక్ రికార్డుగా ఉండిపోతుంది. న్యూయార్క్‌లో టైటిల్ యజమానికే పంపుతారు, బ్యాంకుకు మాత్రం లీన్ నమోదైనట్లు ఒక నోటీసు వెళుతుంది. అయితే టైటిల్ ఇంట్లో ఉంది కాబట్టి కారుకు అడ్డేమీ లేదని మీ స్నేహితుడు అనుకుంటే మాత్రం పొరపాటే. ఆ టైటిల్ మీద బ్యాంకు పేరు అచ్చయి ఉంటుంది. అప్పు తీరాక బ్యాంకు ఇచ్చే విడుదల పత్రాన్ని టైటిల్‌తో జతచేసి డీఎంవీకి, అంటే రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు, పంపి, ఆ పేరు లేని కొత్త టైటిల్ తెప్పించుకునేవరకు ఆయన పని పూర్తి కానట్లే.

బీమా బల్ల

పాత గుమాస్తా గారు చెప్పినదానికి బీమా వైపు నుంచి కొంత కలుపుతాను, ఎందుకంటే ప్రస్తుతం మీకు గడువు ఉన్నది ఆ విషయంలోనే.

మీ పాలసీలో డీలరు పేరు ఉండటం వల్ల బీమా రద్దు కాదు, మీకు రక్షణ తగ్గదు. కానీ పాలసీ మొదలైనట్లు, మారినట్లు, రద్దైనట్లు వెళ్లే సమాచారమంతా డీలరు చిరునామాకు పోతోంది, అక్కడ దాన్ని పట్టించుకునే అవసరం ఎవరికీ లేదు. బ్యాంకు రికార్డులలో మాత్రం మీ కారు బీమా లేని కారుగా కనిపిస్తోంది. అందుకే ఆ ఉత్తరం వచ్చింది. ఏజెంటుకు ఫోన్ చేసి లీన్‌హోల్డర్‌ను, అంటే పాలసీ భాషలో లాస్ పేయీని, మార్పించి, పాలసీ ముఖపత్రాన్ని బ్యాంకుకు పంపించమనండి. ఒక జాగ్రత్త చెప్పాలి. వాయిదాలు పంపే చిరునామా వేరు, బీమా పత్రాలు పంపే చిరునామా వేరు. పెద్ద బ్యాంకులలో ఈ రెండో చిరునామా తరచుగా మరో రాష్ట్రంలో ఒక పోస్ట్ బాక్సుగా ఉంటుంది. వెబ్‌సైటులో కనిపించిన మొదటి చిరునామా ఇచ్చేసి, మళ్లీ మూడు నెలలకు అదే ఉత్తరం అందుకున్నవారిని నేను చూశాను.

బ్యాంకు తనంతట తాను తీసుకునే బీమాను తేలికగా తీసుకోకండి. దాని ధర సాధారణంగా మీ పాలసీకంటే చాలా ఎక్కువ. పైగా అది కాపాడేది ప్రధానంగా బ్యాంకు సొమ్మునే. మీవల్ల ఎదుటివారికి జరిగిన నష్టాన్ని అది భరించదు. అది ఇప్పటికే మొదలై ఉంటే, ఆ తేదీలకు మీ సొంత పాలసీ అమలులో ఉన్నట్లు రుజువు పంపండి. సాధారణంగా ఆ మేరకు వేసిన మొత్తాన్ని తిరిగి తీసేస్తారు. మరొకటి, అప్పు ఉన్న కారుకు కేవలం లయబిలిటీ బీమా, అంటే ఎదుటివారి నష్టాన్ని భరించేది, చాలదు. కొలిజన్ (ఢీకొన్నప్పుడు మీ కారుకు జరిగే నష్టానికి), కాంప్రిహెన్సివ్ (దొంగతనం వంటి ఇతర నష్టాలకు) రెండూ ఉండాలని మీ ఒప్పందంలోనే ఉంటుంది, డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందుగా మీరే భరించే మొత్తం, ఎంతకు మించకూడదో కూడా చాలా ఒప్పందాలు చెబుతాయి. నెలకు కొన్ని డాలర్లు మిగులుతాయని డిడక్టిబుల్ పెంచుకునే ముందు ఆ అంకె చూసుకోండి.

ప్రమాదంలో కారు పూర్తిగా పోతే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. మీ బాకీ 14,600 డాలర్లు, ఆ రోజుకు కారు విలువ 13,000 అని బీమా సంస్థ లెక్కకట్టింది, మీ డిడక్టిబుల్ 1,000 అనుకుందాం. బీమా సంస్థ ఇచ్చే 12,000 డాలర్లు మీ చేతికి రావు, ముందు లీన్‌హోల్డర్‌కు వెళతాయి. కారు ఉండదు, 2,600 బాకీ ఉంటుంది. బాకీకీ, కారు విలువకూ మధ్య ఉన్న తేడాను పూడ్చడానికి అమ్మేదే గ్యాప్ కవరేజీ. బాకీ కారు విలువకంటే ఎక్కువగా ఉన్నంత కాలమే దానికి అర్థం ఉంది.

రెండో చేతి బండి

నేను కొనుగోలుదారుగా నేర్చుకున్నది చెబుతాను. మూడేళ్ల క్రితం ఒక వ్యక్తి దగ్గర నేరుగా కారు కొనబోయాను. అప్పు ఎప్పుడో తీరిపోయిందని ఆయన చెప్పారు, చివరి వాయిదా కట్టిన రసీదు కూడా చూపించారు. అబద్ధం కాదు, నిజంగానే తీరింది. కానీ టైటిల్ మీద పాత బ్యాంకు పేరు అలాగే ఉంది, ఆ బ్యాంకేమో మరొకదానిలో కలిసిపోయింది. విడుదల పత్రం తెప్పించడానికి ఆయనకు ఆరు వారాలు పట్టింది. అంతవరకు నేను డబ్బు ఇవ్వలేదు, ఆయన నా మీద కోపగించుకున్నా సరే.

వాహన చరిత్ర చూసుకోవడానికి ప్రభుత్వ పర్యవేక్షణలో నడిచే జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థ, అంటే ఎన్ఎంవీటీఐఎస్, ఒకటి ఉంది. అందులో వరదలో మునిగిన కార్లు, తుక్కుగా ప్రకటించిన కార్లు తెలుస్తాయి గానీ లీన్ వివరాలు ఉండవు. ఆ నివేదిక శుభ్రంగా ఉందని చూసి లీన్ లేదనుకోకూడదు. ఆ రాష్ట్రపు టైటిల్ రికార్డునే చూడాలి.

డాలస్ బాటసారి

ముగ్గురికీ ధన్యవాదాలు. ఒప్పందం తీసి చూశాను, చివరి పేజీలో బదిలీ పేరా ఉంది, మీరన్నట్లే బ్యాంకు పేరే ఉంది. ఏజెంటు చేత ఈ రోజే మార్పించాను.

అయితే మరొక పరిస్థితి గురించి అడగాలి. మా సంస్థలో ఉద్యోగాలు తీసేస్తున్నారు. కాలిఫోర్నియాకు మారడం కాక, ఉద్యోగం పోయి భారతదేశానికి తిరిగి వెళ్లవలసి వస్తే ఈ కారును ఏమి చేయాలి? బ్యాంకు వెబ్‌సైటులో బాకీ 14,600 డాలర్లు అని చూపిస్తోంది. ఒక డీలరును అడిగితే 12,800 ఇస్తానన్నారు. తాళాలు బ్యాంకుకు అప్పగించి వెళ్లిపోతే చాలని ఒక మిత్రుడు అంటున్నాడు. అది నిజమేనా?

పాత గుమాస్తా

ఆ మిత్రుడి సలహా చాలా ఖరీదైనది. తాళాలు అప్పగిస్తే బ్యాంకు కారును తీసుకుంటుంది గానీ అప్పును కొట్టేయదు. దాన్ని సాధారణంగా వేలంలో అమ్ముతుంది. వేలంలో వచ్చే ధర మీకు డీలరు చెప్పిన 12,800 కంటే తక్కువే ఉండే అవకాశం ఎక్కువ. ఆ వచ్చినదానిలోంచి తరలింపు, అమ్మకం ఖర్చులు తీసుకుని, మిగిలినది బాకీకి జమచేసి, ఇంకా ఉన్న లోటు కట్టమని మీకు రాస్తుంది. స్వచ్ఛందంగా అప్పగించినా క్రెడిట్ రిపోర్టులో అది మచ్చే. బలవంతంగా తీసుకుపోయినదానికీ దీనికీ ఉన్న తేడా టోయింగ్ ఖర్చూ, ఇరుగుపొరుగు ముందు పరువూ మాత్రమే.

వాయిదాలు తప్పితే ఏమవుతుందో కూడా చెప్పి ఉంచుతాను. రాష్ట్రాలు అమలుచేసే వాణిజ్య చట్టం, అంటే యూనిఫాం కమర్షియల్ కోడ్, 9వ అధ్యాయం ప్రకారం, శాంతిభంగం కలగనంత వరకు, కోర్టుకు వెళ్లకుండానే కారును స్వాధీనం చేసుకునే హక్కు లీన్‌హోల్డర్‌కు ఉంది. ముందుగా నోటీసు ఇవ్వాలా, బాకీ సరిచేసుకోవడానికి వ్యవధి ఇవ్వాలా అన్నవి రాష్ట్రాన్ని బట్టి మారతాయి. అందువల్ల ఉద్యోగం పోయిన వారమే, ఇంకా ఒక్క వాయిదా కూడా తప్పకముందే, బ్యాంకుకు ఫోన్ చేయండి. ఒకటి రెండు వాయిదాలను రుణకాలం చివరికి జరపడానికి చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. మూడు వాయిదాలు తప్పాక చేసే ఫోన్‌కు ఆ మర్యాద దొరకదు.

ఇక అమ్మకం సంగతి. వెబ్‌సైటులో కనిపించే 14,600 అసలు బాకీ మాత్రమే, తీర్చవలసిన మొత్తం కాదు. బ్యాంకును పేఆఫ్ మొత్తం అడగండి, సాధారణంగా పది రోజులకు లెక్కకట్టి ఇస్తారు. మీ వడ్డీ 9 శాతం అనుకుంటే రోజుకు 3 డాలర్ల 60 సెంట్లు చొప్పున పెరుగుతుంది, అంటే పది రోజులకు 36 డాలర్లు. చివరి వాయిదా నుంచి అడిగిన రోజు వరకు పేరుకున్న వడ్డీ దానికి అదనం. చిన్న మొత్తాలే, కానీ అవి కట్టలేదని ఖాతా మూసుకోక, ఖాతా మూసుకోలేదని టైటిల్ విడుదల కాక నెలల తరబడి తిరిగినవారు ఉన్నారు.

డీలరుకు అమ్మితే ఆయనే బ్యాంకుకు డబ్బు పంపి లీన్ తీయిస్తాడు, మీరు లోటు 1,800 డాలర్లకూ, పైన చెప్పిన వడ్డీకీ కలిపి చెక్కు ఇవ్వాలి. ఆ లోటును కొత్త కారు అప్పులో కలుపుదామని డీలరు చెబితే ఒప్పుకోకండి, కారు విలువకంటే అప్పు ఎక్కువయ్యే ఇబ్బంది దానితో ఇంకా పెరుగుతుంది. నేరుగా ఒక వ్యక్తికి అమ్మితే ధర మెరుగ్గా రావచ్చు, కానీ టైటిల్ మీ చేతిలో లేదు కనుక కొనేవారికి నమ్మకం కలగడం కష్టం. బ్యాంకు శాఖ దగ్గరలో ఉంటే ఇద్దరూ కలిసి అక్కడికే వెళ్లి, కొనేవారి డబ్బు నేరుగా పేఆఫ్‌కు జమయ్యేలా చేసుకోవడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. వ్యక్తిగత చెక్కుతో తీర్చితే అది నిలబడేదాకా బ్యాంకు విడుదలను ఆపుతుంది, వైర్, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా బదిలీ, అయితే ఆ నిరీక్షణ తగ్గుతుంది.

విమానం ఎక్కాక ఈ పనులు చేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. సంతకం కావలసింది టెక్సాస్‌లో, మీరు ఉండేది మరో ఖండంలో. తప్పనిసరైతే నమ్మకమైన వ్యక్తికి వాహన అమ్మకానికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వెళ్లండి.

పసిఫిక్ ఒడ్డు

కాలిఫోర్నియాకే వస్తే ఒక మాట గురించి ముందే హెచ్చరిస్తాను. ఇక్కడి టైటిల్ మీద మీ పేరు రిజిస్టర్డ్ ఓనర్ అనీ, లీన్‌హోల్డర్ పేరు లీగల్ ఓనర్ అనీ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు, చట్టప్రకారం యజమాని బ్యాంకేనా అని నేనూ ఉలిక్కిపడ్డాను. మాట తేడాయే గానీ, బ్యాంకుకు ఉన్నది పైన చెప్పిన హక్కే. ఇక్కడ నివాసం ఏర్పరచుకున్న తరువాత కారును నమోదు చేయించడానికి 20 రోజులే గడువు. మీ టైటిల్ బ్యాంకు దగ్గర ఉంది కాబట్టి, బయలుదేరే ముందే బ్యాంకుకు కొత్త చిరునామా చెప్పి, డీఎంవీకి తమవైపు నుంచి ఏ పత్రం, ఎలా పంపుతారో కనుక్కోండి. అలాగే బీమాను కూడా కొత్త రాష్ట్రానికి మార్పించి, లీన్‌హోల్డర్ పేరు కొత్త పాలసీలోకి వచ్చిందో లేదో చూసుకోండి. ఆ పేరు రాకపోతే మళ్లీ అదే ఉత్తరం వస్తుంది.

బీమా బల్ల

ఒక చిన్న ప్రశ్న: మీ ఒప్పందంలో గ్యాప్ కవరేజీకి విడిగా ఏదైనా మొత్తం వేశారా? ఉంటే, కారు అమ్మి అప్పు తీర్చిన రోజున దాన్ని రద్దు చేసుకుని, వాడని కాలానికి డబ్బు వాపసు అడగవచ్చు. అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు.

పాత గుమాస్తా

మంచి విషయం గుర్తుచేశారు. ఒప్పందం చేతిలో ఉండగానే ఇంకొక పేరా కూడా చూడమనండి. కొనేటప్పుడు కారు గురించి డీలరు మోసం చేసి ఉంటే, ఒప్పందం బ్యాంకుకు అమ్మేశాను కదా అని తప్పించుకోవడం మునుపు సులభంగా ఉండేది. 1976లో అమలులోకి వచ్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం, డీలరు మీద మీకున్న అభ్యంతరాలను, మీరు కట్టిన మొత్తం మేరకు, ఒప్పందాన్ని కొన్న బ్యాంకు మీద కూడా చూపవచ్చు. ఆ సంగతి చెప్పే నోటీసు ఒప్పందంలో ముదురు (బోల్డ్) అక్షరాలలో అచ్చయి ఉంటుంది. మీకు అవసరం రాకూడదనే కోరుకుంటాను.

డాలస్ బాటసారి

బ్యాంకు ఈ ఉదయం బీమా పత్రం అందినట్లు ధ్రువీకరించింది, వేయబోయిన బీమాను ఆపేసింది. పాలసీలో చివరికి పెట్టిన చిరునామా, వాయిదాలు పంపే చిరునామా కాదు, వేరే రాష్ట్రంలోని పోస్ట్ బాక్సే. బీమా బల్ల గారు అడిగినందుకు ఒప్పందం మళ్లీ వరసగా చదివితే, గ్యాప్ పేరుతో 895 డాలర్లు మూడో పేజీలో ఉన్నాయి. నేను దాన్ని కొన్నట్లు ఈ రోజు వరకు నాకు తెలియదు. పేఆఫ్ మొత్తం సోమవారం అడుగుతాను, పవర్ ఆఫ్ అటార్నీ కాగితం మా తమ్ముడి పేరు మీద ముందుగానే సిద్ధం చేయించి ఉంచుతాను.